దిల్‌సుఖ్‌నగర్‌లో నేర్చుకున్న సమాంతర రేఖ

ముందుగా ఓ హెచ్చరిక. ఈ టపాలో లెక్కలున్నాయి. భయపడకండి, ఇంటర్ ఫస్టియర్ దాటిన లెక్క ఒక్కటీ లేదు. పైగా మనలో చాలామందిమి ఒకప్పుడు ఈ లెక్కలు చేసే ర్యాంకు తెచ్చుకుని, ఇప్పుడిలా ఏసీ గదుల్లో కూర్చుని జావా రాసుకుంటున్నాం. ఆ మాత్రం ఋణం తీర్చుకోవాలి కదా :)

సంగతేంటంటే, మొన్న ఆదివారం మా చిన్నమ్మ కొడుకుని చూడ్డానికి ఎల్బీనగర్ వెళ్ళాను. వాడు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ, అక్కడే హాస్టల్లో ఉంటాడు. చిన్నమ్మ పంపిన సకినాల డబ్బా ఇచ్చి, బిర్యానీ తినిపించి వచ్చేద్దామని నా ప్లాను. వాడు మాత్రం సకినాల కంటే ముందు రఫ్ నోట్సు తీశాడు.

"అన్నా, ఇది చూడు. ఈ గీతకి సమాంతరంగా, ఈ బిందువు గుండా పోయే గీత సమీకరణం కనుక్కోమన్నడు. నేను చేసిన, ఆన్సరొచ్చింది. కానీ ఒక్కటే గీత ఎందుకుంటది? రెండు ఎందుకుండవు?"

"అట్లనే ఉంటదిరా" అన్నాను.

"మా సార్ కూడా అదే అన్నడు. ఎంట్రెన్సులో అడగరు, ముందుకు పోదాం అన్నడు."

నాకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఎందుకంటే 2013లో, అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ రేకుల షెడ్డు లాంటి క్లాసులో నేనూ ఇదే పాఠం విన్నాను. మాతోపాటు హాస్టల్లో ఉండే ఒకడు లేచి ఇదే ప్రశ్న అడిగితే, క్లాసు మొత్తం నవ్వింది. నేనూ నవ్వాను. నాలుగేళ్ళ ఇంజనీరింగు, ఆ తర్వాత ఇన్నేళ్ళ ఉద్యోగం అయ్యాక, అదే ప్రశ్న మా తమ్ముడు అడిగితే నా దగ్గర జవాబు లేదు. వారం రోజులు ఆఫీసు నించి రాగానే అదే పని మీద కూర్చున్నా. దొరికినదంతా ఇక్కడ పెడుతున్నా. ఇది లెక్కల పాఠం కన్నా చరిత్ర పాఠమే ఎక్కువ.

ముందు ఆ లెక్కేంటో గుర్తు చేసుకుందాం

ఉదాహరణకి ఎక్కడికో పోవడం ఎందుకు, మన రోడ్డే తీసుకుందాం. దిల్‌సుఖ్‌నగర్ నించి చైతన్యపురి, కొత్తపేట మీదుగా ఎల్బీనగర్ వెళ్ళే విజయవాడ హైవే. ఒకప్పుడు దీన్ని తొమ్మిదో నెంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడు 65. దాని నడిమధ్యన స్తంభాల మీద మెట్రో. అమీర్‌పేట నించి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. మేం చదువుకునే రోజుల్లో ఆ స్తంభాలు ఇంకా లేస్తూ ఉండేవి, బస్సులో కూర్చుంటే మలక్‌పేట దాటేసరికి ఓ చాప్టరు రివిజన్ అయిపోయేది.

దిల్‌సుఖ్‌నగర్‌ని మూలబిందువు అనుకోండి. తూర్పు వైపు ఎక్స్, ఉత్తరం వైపు వై. ఎల్బీనగర్ అక్కడికి సుమారు 2.4 కిలోమీటర్లు తూర్పున, 2.1 కిలోమీటర్లు దక్షిణాన ఉంటుంది. రోడ్డు మధ్యలో కాస్త వంగుతుంది గానీ, లెక్క కోసం తిన్నగానే ఉందనుకుందాం. అప్పుడు వాలు ఎంత? మైనస్ 2.1 బై 2.4, అంటే మైనస్ 7 బై 8. రోడ్డు సమీకరణం ఇదన్నమాట:

7ఎక్స్ + 8వై = 0

ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌కి సరిగ్గా కిలోమీటరు దక్షిణాన, సరూర్‌నగర్ చెరువు వైపు, ఓ చుక్క పెట్టండి. దాని నిరూపకాలు (0, −1). ఆ చుక్క గుండా ఈ రోడ్డుకి సమాంతరంగా ఇంకో రోడ్డు వెయ్యాలి. సమీకరణం ఏంటి?

మనకి నేర్పిన చిట్కా: ఎక్స్ పక్కనున్న అంకె, వై పక్కనున్న అంకె ముట్టుకోకు. చివరి అంకె ఒక్కటే మారుతుంది. చుక్క తీసుకెళ్ళి ఎడమవైపు పెట్టు, ఏమొస్తే అదే కుడివైపు రాయి. 7 సార్లు 0, 8 సార్లు మైనస్ 1, మొత్తం మైనస్ 8. కాబట్టి

7ఎక్స్ + 8వై = −8

అంతే. అరనిమిషం పట్టదు. రెండు రోడ్ల మధ్య దూరం కావాలన్నా సులువే: 8ని 7 వర్గం, 8 వర్గం కూడిక వర్గమూలంతో భాగిస్తే దాదాపు 0.75. అంటే ముప్పావు కిలోమీటరు.

ఈ రెండూ ఎందుకు కలవవు? ఒకవేళ ఏదో చోట కలిశాయనుకోండి. ఆ చోట 7ఎక్స్ + 8వై విలువ సున్నా కూడా కావాలి, మైనస్ 8 కూడా కావాలి. ఒకే మనిషి ఒకే టైముకి కోఠిలోనూ, హయత్‌నగర్‌లోనూ ఉండడం లాంటిది. కుదరదు.

మరి అలాంటి రోడ్డు ఒక్కటే ఎందుకు? వై = ఎం ఎక్స్ + సి రూపంలో రాసుకుంటే ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. వాలు వేరైతే రెండు గీతలు ఎక్కడో అక్కడ కలిసి తీరతాయి, కాబట్టి ఎం మార్చడానికి వీల్లేదు. చుక్క ఇచ్చేశారు, కాబట్టి ఎక్స్, వై కూడా తెలుసు. మిగిలింది సి ఒక్కటే. ఒక సమీకరణం, ఒక తెలియని సంఖ్య, ఒక జవాబు. రుజువైపోయింది!

మొదటిరోజు రాత్రి ఇక్కడిదాకా వచ్చి, మావాడికి వాట్సాప్‌లో పెట్టేసి, హాయిగా పడుకున్నా. పొద్దున్నే జవాబొచ్చింది: "అన్నా, మరి సరళరేఖకి సమీకరణం అట్లనే ఎందుకుంటది?"

ఈ కాలం పిల్లలు ఫోన్లు చూసి చెడిపోతున్నారని ఎవరన్నార్రా బాబూ.

యూక్లిడ్ ఊరికే ఒప్పుకోమన్నాడు

సరే, అసలు కథకొద్దాం. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ తన ఎలిమెంట్స్ రాశాడు. ఐదు స్వీకృతాలతో మొదలుపెడతాడు. స్వీకృతం అంటే రుజువు అడక్కుండా ఒప్పుకోవాల్సిన మాట. మొదటి నాలుగూ చిన్నవి: రెండు బిందువుల మధ్య గీత గీయొచ్చు, గీతని పొడిగించొచ్చు, కేంద్రం వ్యాసార్థం ఇస్తే వృత్తం గీయొచ్చు, లంబకోణాలన్నీ సమానం. ఎవరైనా సరే అంటారు.

ఐదోది మాత్రం చాంతాడంత ఉంటుంది. రెండు గీతల్ని మూడో గీత ఖండించినప్పుడు, ఒకవైపు లోపలి కోణాల మొత్తం రెండు లంబకోణాల కంటే తక్కువైతే, పొడిగించినప్పుడు ఆ రెండు గీతలూ ఆ వైపే కలుస్తాయి. ఇది స్వీకృతంలా కాదు, ఏదో సిద్ధాంతంలా ఉంది. చదివినవాళ్ళందరికీ అదే అనుమానం: దీన్ని మిగతా నాలుగింటి నించి రుజువు చెయ్యొచ్చేమో?

యూక్లిడ్‌కి కూడా ఇది కాస్త ఇబ్బందిగానే ఉండి ఉండాలి. ఎందుకంటే మొదటి పుస్తకంలో మొదటి 28 సిద్ధాంతాల దాకా దీని జోలికి పోలేదు. 29వ దాంట్లో మొదటిసారి వాడాడు. మావాడి ప్రశ్నకి జవాబు సరిగ్గా ఆ సరిహద్దులో ఉంది. ఇచ్చిన చుక్క గుండా సమాంతర రేఖ ఒకటి ఉంటుందని చెప్పడానికి ఐదో స్వీకృతం అక్కర్లేదు, మొదటి నాలుగూ చాలు. ఒక్కటే ఉంటుందని చెప్పడానికి మాత్రం ఐదోది కావాల్సిందే.

అంటే మా హాస్టల్‌మేటు అడిగిందీ, మా తమ్ముడు అడిగిందీ పిచ్చి ప్రశ్న కాదు. రేఖాగణితంలో అందరికంటే ఎక్కువకాలం నలిగిన ప్రశ్న అదే.

మనం బళ్ళో చదివే రూపం, అంటే "ఒక గీతకి, దాని మీద లేని బిందువు గుండా ఒకే ఒక్క సమాంతర రేఖ", యూక్లిడ్ మాటల్లో ఉన్నది కాదు. స్కాట్లాండ్ ప్రొఫెసరు జాన్ ప్లేఫెయిర్ 1795లో వేసిన పాఠ్యపుస్తకం ద్వారా అది ప్రచారంలోకొచ్చింది. అందుకే ఆయన పేరే నిలిచింది. నిజానికి ఐదో శతాబ్దంలో ప్రోక్లస్ రాసిన వ్యాఖ్యానంలోనే ఈ ఆలోచన ఉంది. ఆ ప్రోక్లసే, తనకి ముందు టాలెమీ చేసిన రుజువు తప్పని చూపించి, తన రుజువొకటి ఇచ్చాడు. అదీ తప్పే :)

ఒమర్ ఖయ్యాం గడి

తర్వాత ఈ పని అరబ్బీ, పారశీక పండితుల చేతికొచ్చింది. మనకి రుబాయిల కవిగా తెలిసిన ఒమర్ ఖయ్యాం పెద్ద గణితవేత్త కూడా. 1077లో యూక్లిడ్ పుస్తకంలోని చిక్కుల మీద ఓ గ్రంథం రాశాడు. అందులో ఆయన వేసిన బొమ్మ చాలా తేలిక. నేల మీద ఓ గీత గీసి, దాని రెండు చివర్లా సమానమైన రెండు స్తంభాలు నిలువుగా నిలబెట్టు. పైన రెండు కొసల్నీ కలుపు. కింద రెండు కోణాలూ 90 డిగ్రీలు, అలాగే కట్టాం కాబట్టి. మరి పైన కోణాలు?

"90 కాక ఇంకేముంటాయి" అంటాం వెంటనే. రుజువు చెయ్యమంటే మాత్రం ఐదో స్వీకృతం లేకుండా ఎవరివల్లా కాలేదు. పైన కోణాలు 90 అని ఒప్పుకోవడమూ, సమాంతర రేఖ ఒక్కటే అని ఒప్పుకోవడమూ ఒకటే.

పదమూడో శతాబ్దంలో నసీరుద్దీన్ తూసీ ఇదే దారిలో ఇంకొంత నడిచాడు. ఆ తూసీ అరబ్బీ ప్రతి నించే, పద్దెనిమిదో శతాబ్దం మొదటి భాగంలో, జైపూర్ రాజా జైసింగ్ కొలువులోని జగన్నాథ పండితుడు యూక్లిడ్‌ని సంస్కృతంలోకి తెచ్చాడు. ఆ పుస్తకం పేరు రేఖాగణితం. తెలుగు మీడియంలో చదివిన మనకి చిన్నప్పటినించీ తెలిసిన మాటే. నాకైతే ఇది చదివినప్పుడు ఎక్కడో దూరపు చుట్టరికం బయటపడ్డట్టనిపించింది.

గీత సమీకరణమైన కథ

ఇంతకీ మన వై = ఎం ఎక్స్ + సి ఎక్కడిది? యూక్లిడ్‌కి, ఖయ్యాంకి గీత అంటే బొమ్మే. గీతని అంకెలుగా మార్చింది పదిహేడో శతాబ్దపు ఫ్రెంచివాళ్ళు. డెకార్ట్ తన జ్యామెట్రీని 1637లో అచ్చేశాడు. దాదాపు అదే సమయంలో ఫెర్మా కూడా ఇదే పని విడిగా చేసి చేతిరాతలో పంచాడు గానీ, అది అచ్చయింది ఆయన పోయాక, 1679లో. రెండు తెలియని రాశుల మొదటి తరగతి సమీకరణం రాస్తే అదొక సరళరేఖ అవుతుందని స్పష్టంగా చెప్పినవాడు ఫెర్మా. డెకార్ట్ దృష్టంతా వక్రరేఖల మీదే, సరళరేఖని పెద్దగా పట్టించుకోలేదు.

మనం రఫ్ నోట్సులో రాసే పద్ధతి, అంటే ఒక బిందువూ వాలూ ఇస్తే గీత సమీకరణం రాయడం, సమాంతరాలకి వాలు ఒకటే అని ఓ నియమంగా చెప్పుకోవడం, ఇదంతా ఇంకో నూటయాభై ఏళ్ళ తర్వాత గాస్పార్ మోంజ్ కాలానికి, పద్దెనిమిదో శతాబ్దం చివర్లో, స్థిరపడింది. మోంజ్ ఇంజనీర్లకి పాఠాలు చెప్పిన మాస్టారు. కాబట్టి ఈ చిట్కా మొదటినించీ ఇంజనీరింగు విద్యార్థుల సొత్తే అనుకోవచ్చు.

ఇప్పుడు మావాడి రెండో ప్రశ్నకొద్దాం. సమీకరణంతో రుజువు చేశాం కదా, మరి రెండు వేల ఏళ్ళ గొడవ తీరిపోయినట్టేనా?

తీరలేదు. ఎందుకో తెలియాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ స్టేషనరీ షాపులోనైనా ఓ గ్రాఫు కాగితం కొనుక్కోండి. దాని మీద ఒక్క గడిని చూడండి. కింద రెండు లంబకోణాలు, సమానమైన రెండు నిలువు గీతలు, పైన ఇంకో రెండు లంబకోణాలు. అది ఖయ్యాం గడి! పైన కోణాలు 90 అవునా కాదా అని ఖయ్యాం తల పట్టుకున్న బొమ్మని, అచ్చువేసేవాడు అవునని ముందే ఒప్పేసుకుని, వేల గడులుగా వేసి మన చేతికిచ్చాడు. ఆ కాగితం మీద ఎక్స్, వై గుర్తించి, సమీకరణం రాసి, సమాంతర రేఖ ఒక్కటే అని తేల్చామంటే, మనం జేబులో పెట్టుకున్న కాయితాన్నే తీసి మళ్ళీ మనకే చూపించుకున్నామన్నమాట.

ఇది అర్థమయ్యాక నాకు కాసేపు లేచి తిరగాలనిపించింది. పదేళ్ళు గ్రాఫు కాగితం వాడాను. ఎన్నడూ దాన్ని అనుమానించలేదు.

వద్దన్న తండ్రి, వినని కొడుకు

1733లో ఇటలీలో సకేరీ అనే మతాచార్యుడు యూక్లిడ్ మీద ఏ మచ్చా లేకుండా చేస్తానని పుస్తకం వేశాడు. ఖయ్యాం గడినే తీసుకుని, పైన కోణాలు 90 కంటే తక్కువ అనుకుంటే ఏమవుతుందో చూద్దామని మొదలెట్టి, వరసగా వింత వింత సిద్ధాంతాలు తెచ్చాడు. వైరుధ్యం మాత్రం దొరకలేదు. చివరికి ఇది సరళరేఖ స్వభావానికే విరుద్ధం అని చెప్పి ముగించేశాడు. కొత్త రేఖాగణితం గుమ్మం దాకా వెళ్ళి తలుపు కొట్టకుండా వెనక్కొచ్చాడు.

ఆ తలుపు తీసినవాళ్ళు ఇద్దరు. రష్యాలో కజాన్ విశ్వవిద్యాలయపు లొబచేవ్‌స్కీ 1826లో ప్రసంగించి, 1829లో అచ్చేశాడు. హంగరీలో యానోష్ బోయాయి అనే యువ సైనికాధికారి విడిగా అదే కనుక్కున్నాడు. ఇద్దరూ చెప్పిందేంటంటే, చుక్క గుండా ఒకటికంటే ఎక్కువ సమాంతర రేఖలు ఉంటాయని అనుకున్నా, ఎక్కడా తప్పు రాని రేఖాగణితం ఒకటి కట్టొచ్చు.

బోయాయి తండ్రి కూడా లెక్కల మాస్టారే. జీవితమంతా ఈ సమాంతరాల వెనక పడి అలిసిపోయినవాడు. కొడుకు కూడా ఇదే మొదలెట్టాడని తెలిసి, దీని జోలికి పోవద్దు, నీ ఆరోగ్యాన్నీ మనశ్శాంతినీ సుఖాన్నీ తినేస్తుందని ఉత్తరాలు రాశాడు. కొడుకు వినలేదు. చివరికి ఆ తండ్రే, తన పాఠ్యపుస్తకం వెనక అనుబంధంగా కొడుకు పనిని 1832లో అచ్చేశాడు. స్నేహితుడైన గౌస్‌కి పంపితే, ఇదంతా నాకు ముందే తెలుసు, మీవాణ్ణి పొగిడితే నన్ను నేను పొగుడుకున్నట్టే అన్న అర్థంలో జవాబొచ్చింది. కుర్రాడి మనసు విరిగిపోయింది. ఆ తర్వాత లెక్కల మీద ఇంకేమీ ప్రచురించలేదు.

ఎంట్రెన్సులో రాదని సారు వద్దనడం వేరు, కాలిపోయిన చేతుల్తో తండ్రి వద్దనడం వేరు. రెండోదాన్ని అర్థం చేసుకోగలను.

అదే కాలంలో మన హైదరాబాదులో

మీరనొచ్చు, రష్యా హంగరీ కథలు మనకెందుకని. అదే కాలంలో మన హైదరాబాదు చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూడండి.

1802 ఏప్రిల్లో విలియం లాంబ్టన్ మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఓ ఆధార రేఖ కొలవడంతో దేశపు పెద్ద సర్వే మొదలైంది. పద్ధతి తేలికే: ఒక్క గీతని గొలుసులతో బహు జాగ్రత్తగా కొలవడం, మిగతాదంతా కొండ మీద నించి కొండ మీదకి చూసి కోణాలు కొలుస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ పోవడం. కోణాలు కొలిచే థియోడలైట్ యంత్రం అరటన్ను బరువు. 78 డిగ్రీల రేఖాంశానికి దగ్గరగా, దక్షిణం నించి ఉత్తరానికి ఈ త్రిభుజాల వరస పాకింది. దిల్‌సుఖ్‌నగర్ నించి ఆ 78 డిగ్రీల గీత పడమరగా 55 కిలోమీటర్ల దూరంలోనే పోతుంది. 1815లో బీదర్ దగ్గర మరో ఆధార రేఖ కొలిచారు. 1818 చివర్లో జార్జ్ ఎవరెస్ట్ అనే కుర్ర అధికారి హైదరాబాదు వచ్చి లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరాడు. మొదటి పని కృష్ణా గోదావరి నదుల మధ్య. అక్కడి అడవుల్లో జ్వరమొచ్చి, ప్రాణం మీదకి తెచ్చుకుని, కోలుకోవడానికి ఆఫ్రికా కొస దాకా పోవాల్సొచ్చింది. లాంబ్టన్ 1823లో ఉత్తరంగా పోతూ హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. హిమాలయ శిఖరానికి తర్వాత పెట్టింది ఈ ఎవరెస్ట్ పేరే.

వీళ్ళకి సమాంతర రేఖల గొడవ తత్వచర్చ కాదు, రోజూ చేసే లెక్క. భూమి గుండ్రం. గోళం మీద త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలు కాదు, కొంచెం ఎక్కువ. ఎంతెక్కువంటే, సుమారు 197 చదరపు కిలోమీటర్లకి ఒక సెకను, అంటే డిగ్రీలో 3600వ వంతు. ఒక్కో భుజం 50 కిలోమీటర్లుండే త్రిభుజానికి ఐదున్నర సెకన్లు. ఇంతేనా అనిపిస్తుంది గానీ, వందల త్రిభుజాలు పేర్చుకుంటూ పోతే, దీన్ని వదిలేసినవాడి పటం పటంలా ఉండదు. అందుకే వీళ్ళు ప్రతి త్రిభుజానికీ దీన్ని లెక్కగట్టి సరిచేసుకున్నారు. ఈ లెక్కల కోసమే 1831లో గోళ త్రికోణమితి బాగా తెలిసిన రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ కుర్రాణ్ణి కంప్యూటరుగా ఉద్యోగంలోకి తీసుకున్నారు. అవును, అప్పట్లో కంప్యూటర్ అంటే మనిషి. మన ఉద్యోగాలకి ముత్తాత అన్నమాట.

ఇప్పుడు మన రోడ్డు సంగతి. దిల్‌సుఖ్‌నగర్ నించి ఒకడు, అక్కడికి సరిగ్గా కిలోమీటరు తూర్పు నించి ఇంకొకడు, ఇద్దరూ నేరుగా ఉత్తరానికి బయల్దేరారనుకోండి. ఇద్దరి దిశా ఒకటే. కాగితం మీద అయితే ఎప్పటికీ కిలోమీటరు దూరమే. భూమి మీద మాత్రం, ఢిల్లీ అక్షాంశం చేరేసరికి వాళ్ళ మధ్య 920 మీటర్లే ఉంటుంది. 17.35 డిగ్రీల కొసైనూ, 28.6 డిగ్రీల కొసైనూ భాగించి చూడండి, వస్తుంది. నడుస్తూనే ఉంటే ధ్రువం దగ్గర ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటారు. గోళం మీద సరళరేఖ అంటే రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి, అంటే పెద్ద వృత్తం. అలాంటివి ఏ రెండు తీసుకున్నా కలుస్తాయి. అంటే అక్కడ సమాంతర రేఖ ఒకటి కాదు, అసలు లేదు.

నా సొంత తలనొప్పి

ఇదంతా పాతకాలపు సర్వేయర్ల గొడవ అనుకుంటారేమో. నేను ఇదివరకు పనిచేసిన ఓ కంపెనీలో (పేరొద్దు లెండి) పటం మీద రోడ్డుకి సమాంతరంగా, ముప్ఫై మీటర్ల దూరంలో గీత గీసే కోడు రాశాను. డిగ్రీకి 111 కిలోమీటర్లని అక్షాంశానికీ రేఖాంశానికీ ఒకేలా పెట్టేశా. అంటే భూమిని గ్రాఫు కాగితం చేసేశా. హైదరాబాదులో పరీక్షిస్తే ఉత్తర దక్షిణపు రోడ్డుకి ముప్ఫై బదులు 28.6 మీటర్లొచ్చింది, ఎవరికీ కనపడలేదు. యూరప్‌లో 51 డిగ్రీల అక్షాంశం మీదున్న ఊళ్ళో అదే కోడు నడిస్తే 19 మీటర్లకి పడింది. గీత సమాంతరంగానే ఉంది, వాలు తప్పలేదు. సి తప్పింది. రెండు రాత్రులు వెతికాం. బగ్గు నాదేనని తేలింది. లాంబ్టన్ ఆత్మ నవ్వుకుని ఉంటుంది.

చిట్కా తెలుసు. అది ఏ కాగితం మీద పనిచేస్తుందో తెలీదు. అదీ నా చదువు.

1854లో రీమాన్, స్థలం ఒంపు ఒక్కోచోట ఒక్కోలా ఉండొచ్చని చెప్పాడు. 1915లో ఐన్‌స్టీన్ ఆ ఒంపే గురుత్వాకర్షణ అన్నాడు. మన ఫోన్లో జీపీఎస్ ఆ లెక్కలు కలుపుకునే పనిచేస్తుంది. కలపకపోతే ఉపగ్రహాల గడియారాలు రోజుకి 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. ఎల్బీనగర్‌లో క్యాబ్ బుక్ చేస్తే అది ఇంకెక్కడో తేలుతుంది (ఇప్పుడూ అప్పుడప్పుడూ తేలుతోంది, దానికి కారణం ఐన్‌స్టీన్ కాదు).

మావాడికి ఏం చెప్పానంటే

ఈ ఆదివారం మళ్ళీ వెళ్ళా. గ్రాఫు కాగితం ఒకటి, బత్తాయి ఒకటి పట్టుకెళ్ళా. కాగితం మీద ఒక్కటే సమాంతర రేఖ, ఎందుకంటే ఒక్కటే ఉండే కాగితం మనం ఎంచుకున్నాం. బత్తాయి మీద గీస్తే ఒక్కటీ లేదు. లొబచేవ్‌స్కీ కట్టిన లోకంలో లెక్కలేనన్ని. పరీక్షలో ఇచ్చేది కాగితమే కాబట్టి సి మార్చి రాసేసి మార్కులు తెచ్చుకో, అది తప్పేం కాదు. "కానీ నువ్వడిగింది రెండు వేల ఏళ్ళు పెద్దపెద్దోళ్ళు అడిగిన ప్రశ్నరా" అని చెప్పా.

వాడు బత్తాయి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. "అయితే సార్‌కి తెల్వదా?" అన్నాడు.

ఏం చెప్పను? ఆ సారుకి రోజుకి ఆరు క్లాసులు, సిలబస్ డిసెంబరుకల్లా అయిపోవాలి. తెలిసే ఉండొచ్చు, చెప్పే టైం లేకపోవచ్చు. మా రోజుల్లో ఎంసెట్, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, పేరు మారింది గానీ ఒక్కో లెక్కకి దొరికేది ఒక్క నిమిషమే. ఆ నిమిషమే మమ్మల్ని ఈ ఉద్యోగాల దాకా తెచ్చింది, కాబట్టి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. మా ఊరి నించి ఆ హైవే మీద బస్సెక్కి వచ్చి ఎల్బీనగర్లో దిగిన నాలాంటివాడికి ఆ చిట్కాలే తిండి పెట్టాయి.

నన్ను తొలుస్తున్నది మాత్రం ఒక్కటే. 2013లో లేచి ఆ ప్రశ్న అడిగినవాడు మళ్ళీ ఆ క్లాసులో ఏ ప్రశ్నా అడగలేదు. సెకండియర్లో ఊరెళ్ళిపోయాడు. ఎందుకెళ్ళాడో నేను అడగలేదు, ఇప్పుడు వాడి నెంబరు కూడా నా దగ్గర లేదు. ఆ నవ్వే కారణమని అనను, అంత చిన్న కారణానికి ఎవరూ చదువు మానరు. కానీ ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను, వాడడిగింది సరైన ప్రశ్న అని తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.

మీ ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో, చెల్లెలో, అక్క కూతురో ఉంటే, వాళ్ళు ఒక్కటే ఎందుకని అడిగినప్పుడు, "అట్లనే ఉంటది" అనకండి. తెలీకపోతే తెలీదనండి, వారం గడువు అడగండి. నాకు సరిగ్గా వారమే పట్టింది. బత్తాయి కంటే తేలిగ్గా చెప్పే ఉపాయం మీకేమైనా తెలిస్తే చెప్పండి. మావాడు ఇప్పుడు లొబచేవ్‌స్కీ లోకం బొమ్మ గీసి చూపించమంటున్నాడు.